చింతపండుతో తోమిన రాళ్ళు

నా చిన్నప్పుడు మా ఇంట్లో దేవుడి గూటికన్నా రాళ్ళ గూడే పెద్దది. మా తాతయ్య బావులు తవ్వించే మేస్త్రి. బీదర్ చుట్టుపక్కల ఎర్రరాయి దాటి నల్లరాయిలోకి దిగితే ఒక్కోచోట బోలు రాళ్ళు దొరికేవి. పగలగొడితే లోపల పటికబెల్లంలా మెరిసే పలుకులు. మంచివి ఏరి ఇంటికి తెచ్చుకునేవాడు. ముందువైపు తుడిచేవాడు గానీ వెనకవైపు మట్టిని ముట్టేవాడు కాదు. ఒక బావిది పచ్చమన్ను, ఒకదానిది బూడిదరంగు. ఆ మన్ను చూసే ఏ రాయి ఏ బావిదో, ఎవరు తీశారో గుర్తుపట్టేవాడు. ఈ సంగతి ఇంట్లో ఎవరికీ తెలియదు. మేము అడగలేదు, ఆయన చెప్పలేదు.

ఒక ఏడు దసరా ముందు తాతయ్య పని మీద భాల్కి పోయాడు. పండగకు ఇల్లంతా కడుగుతూ మా నాయనమ్మ ఆ రాళ్ళన్నిటినీ చింతపండుతో తోమి పెట్టింది. తిరిగొచ్చిన తాతయ్య ఒక రాయి తీసి వెనకవైపు తడిమి, మళ్ళీ గూట్లో పెట్టాడు. "మంచిగ తోమినవ్" అన్నాడు, అంతే.

పండగయ్యాక పక్కింటి అక్క వచ్చింది. ఆమె పెనిమిటి తాతయ్య దగ్గరే పనిచేసేవాడు. ఆ ఎండాకాలమే బావి గడ్డ విరిగి మీద పడి చనిపోయాడు.

"ఆయన తీసిన రాయి నీ తాన ఉన్నదంట గదా తాతా. నాకియ్యవా? నా కాడ ఫోటో గూడ లేదు" అంది.

తాతయ్య రెండు తెల్లరాళ్ళు కిందికి దించాడు. రెండూ ఒకే తీరు. వాటిలో ఏదో ఒకటి అతను తీసింది, రెండోది వేరే బావిది. తిప్పి తిప్పి చూశాడు. వెనక మన్ను లేదు.

నాయనమ్మ ఆయన్ని వంటింట్లోకి పిలిచింది. "ఏదో ఒకటియ్యరాదు. దానికేం తెలుస్తది? దాని పాణం నిమ్మళమైతది."

"దానికి తెల్వదు. నాకూ తెల్వదు. తెల్వకుండ ఇదే వాని రాయని ఎట్లంటనే?"

బయటికొచ్చి ఉన్నదున్నట్టు చెప్పాడు. రెండూ తీసుకుపొమ్మన్నాడు. అక్క ఒక రాయిని చెంపకు ఆనించుకుంది, తర్వాత రెండోదాన్ని. "రెండూ కొంచపోతే దినాం ఇందుల ఏదని ఎతుక్కుంటనే ఉంట తాతా. ఈడనే ఉండనియ్యి" అని, కళ్ళు తుడుచుకుంటూ వెళ్ళిపోయింది.

నాయనమ్మ ఆ పూట అన్నం ముట్టలేదు. తాతయ్య ఆమె పక్కన కూర్చుని, "నీ తప్పు గాదు. మన్నును నమ్ముకున్న గని, నీకొక్క మాట చెప్పకపోతి" అన్నాడు.

ఇప్పుడు చుట్టాలంతా పాత సంగతులు నన్నే అడుగుతారు, నీకన్నీ యాదికుంటాయి గదా అని. రూఢిగా తెలిస్తే చెబుతాను. లేకపోతే తెలియదనే అంటాను. అవతలివాళ్ళ ముఖం చిన్నబోతుంది. అప్పుడు ఆ అక్క ఉత్త చేతులతో మా గడప దిగిపోవడం మళ్ళీ కనబడుతుంది. అయినా నా నోటికి ఇంకో మాట రాదు.