అమ్మీటరు సూది మూడు దగ్గరే నిలిచింది

మొన్న టీవీ రిమోటు పనిచేయడం లేదని వెనక మూత తీసి చూస్తే, లోపలి సెల్లు కారిపోయి, చిలుం పట్టి, పుల్లటి తుప్పు వాసన గుప్పుమని ముక్కుకు కొట్టింది. చెయ్యి మండుతుంది, పారేయండత్తయ్యా అని మా కోడలు అంటూనే ఉంది, నేను మాత్రం దాన్ని అరచేతిలో పెట్టుకుని అలాగే కూర్చుండిపోయాను. డెబ్బై దాటినదాన్ని, ఆ వాసనతో నాకేం పని? కానీ అది మా బడి సైన్సు గది వాసన. నేను పోలమ్మకు చేసిన పాడుపని గుర్తొస్తే ఇప్పటికీ ముందు ఆ వాసనే వస్తుంది.

మా ఊరు కావలికి తూర్పున, సముద్రానికి కోసెడు దూరం. నడుమ సర్వి తోపు, అంటే సరుగుడు చెట్లు, దాని అవతల బెస్తవాళ్ళ పాళెం. ఎండాకాలం వచ్చిందంటే బడికి పోయే దారంతా ఇసకలో ఆరబోసిన నెత్తళ్ళ చేపల వాసన, తాటి ముంజలు చెక్కేవాళ్ళ కేకలు, కాళ్ళు కాలుతుంటే సర్వి నీడ నుంచి నీడకు మేము తీసే పరుగులు, ఇంటికొస్తే పచ్చి మామిడికాయ వేసి అమ్మ ముందురోజే కాచిన, నిన్నటికంటే ఇవాళే రుచైన చేపల పులుసు. పోలమ్మ ఆ పాళెం నుంచి పై తరగతుల దాకా వచ్చిన మొదటి ఆడపిల్ల. అచ్చనగాయల్లో నన్ను ఎన్నడూ గెలవనిచ్చేది కాదు, క్లాసులో ఫస్టు మాత్రం ఒకసారి దానిది, ఒకసారి నాది. అది ఫస్టు వచ్చిన నెల నాకు అన్నం సహించేది కాదు. అంత కుళ్ళుబోతును నేను.

ఆ ఏడు పోలమ్మ తండ్రి, భుజం మీది తువ్వాలు చంకలోకి దించుకుని, సైన్సు అయ్యవారి దగ్గరికి వచ్చాడు. పిల్ల ఎదిగింది, సంబంధాలు వస్తున్నాయి, దానికి చదువు వచ్చేట్టుంటే ఉంచుతాను, రాదంటే మానిపిస్తాను, మీరెంత చెబితే అంత అన్నాడు. ప్రయోగ పరీక్ష కానివ్వు, చెబుతా అన్నారు అయ్యవారు. ఈ సంగతి బడిలో అందరికీ తెలుసు. నాకు ఇంకా బాగా తెలుసు, ఎందుకంటే ఆ పరీక్షకు పోలమ్మ, నేను ఒకే బల్ల.

మా ఊరికి అప్పటికింకా కరెంటు రాలేదు, కరెంటంటే మాకు టార్చిలైటే. వోల్టులను ఆంపియర్లతో భాగిస్తే నిరోధం, గుణిస్తే సామర్థ్యం, దాన్ని వాట్లలో చెప్పాలి, అని అయ్యవారు వల్లె వేయించారు. ఎన్ని సెల్లులు పెట్టినా నిరోధం మారకూడదు, మారిందంటే మీరు తప్పు చూసినట్టే అని కూడా చెప్పారు. పుస్తకంలో ఉన్నది తీగచుట్టతో చేసే ప్రయోగం. బడిలో ఉన్న ఒక్క తీగచుట్టా ఉప్పుగాలికి తుప్పు పట్టి తెగిపోతే, ఆయన పాపం దాని బదులు టార్చి బల్బు తగిలించారు.

ఒక సెల్లు పెడితే ఒకటిన్నర వోల్టులు, ఆంపియర్లు చూపే అమ్మీటరు సూది పాయింటు రెండు దగ్గర. భాగిస్తే ఏడున్నర ఓములు. రెండు సెల్లులు పెడితే మూడు వోల్టులు, సూది పాయింటు మూడు దగ్గర నిలిచింది. నిరోధం పది ఓములైంది. పోలమ్మ చూసినది చూసినట్టు రాసుకుంది. నేనూ ముందు అదే రాశాను. కానీ ఏడున్నరే రావాలి కదా అని లెక్క వెనక నుంచి చేసుకుని, రబ్బరుతో మూడును చెరిపి నాలుగు వేశాను. సామర్థ్యం కూడా పాయింటు తొమ్మిది వాట్లు కాస్తా ఒకటీ పాయింటు రెండు చేసేశాను. ఎంత చక్కగా కుదిరిందో అని మురిసిపోయాను కూడా.

అయ్యవారు రెండు నోటుబుక్కులూ పక్కపక్కన పెట్టి చూశారు. పోలమ్మను నిలబెట్టి, సూది చూడ్డం కూడా రాదా నీకు అని కసిరారు. అది ఏడవలేదు. నా వైపు తిరిగింది.

"నువ్వు చెప్పు మే. మూడు కాడే గదా నిలిచింది?"

"నాకు నాలుగు దగ్గర నిలిచింది అయ్యవారూ," అన్నాను.

మరుసటి సోమవారం నుంచి పోలమ్మ బడికి రాలేదు. పిల్లకు చదువు పట్టుబడదని అయ్యవారు దాని తండ్రితో చెప్పారట. నాకు ఆ నెల ఫస్టు వచ్చింది. తరవాత నెల్లూరు కాలేజీలో లెక్చరరు గారు, బల్బులో తీగ వేడెక్కే కొద్దీ నిరోధం పెరుగుతుంది, అది తీగచుట్టలా ఒకే తీరుగా ఉండదు అని చెప్పిన రోజున, నేను క్లాసులోంచి లేచి బయటికి వచ్చేశాను.

ఇదంతా పోలమ్మతో చెప్పడానికి నాకు యాభై ఏళ్ళు పైగా పట్టింది. సిగ్గులేని బతుకు. పోయినేడు ఊరికి పోతే బడి కూలిపోయింది, సర్వి తోపు కొట్టేసి రొయ్యల గుంటలు తవ్వారు, ఇసకలో నెత్తళ్ళు ఆరబోసేవాళ్ళే లేరు. పోలమ్మ పాళెంలో వసారాలో కూర్చుని ఉంది. నన్ను గుర్తుపట్టి సంబరపడి, కుర్చీ తుడిచి వేసింది. కూర్చోకుండానే అంతా చెప్పేశాను, రబ్బరు సంగతితో సహా.

పోలమ్మ కుర్చీ తుడిచిన గుడ్డను మడత పెట్టింది.

"అట్టయితే మూడేనా?" అంది.

మూడే అన్నాను. నీదే సరైన లెక్క అన్నాను.

"నా కూతురు బడికి పోతానని రెండు రోజులు అన్నం తినకుండా ఏడ్చినాది. నాకెక్కని సదువు దీనికేం ఎక్కుద్దిలే అని నేనే మానిపించినా," అంది పోలమ్మ.

నన్ను తిట్టలేదు. లోపల పొయ్యి దగ్గర ఆ కూతురు, నడివయసు మనిషి, నాకోసం టీ కాస్తూ ఉంది.