కోటమ్మ గారి పెనం

పదవీ విరమణకు రెండేళ్ల ముందు నన్ను తెనాలి మున్సిపాలిటీకి టౌన్ ప్లానింగ్ సూపర్‌వైజర్‌గా వేశారు. ఇళ్ల ప్లాన్లు పరిశీలించడం, రోడ్డు మీదికి వచ్చిన గోడలకు ఎర్రరంగు గీత గీయించడం, ఆక్రమణలు తీయించడం నా పని. అందుకే బజారులో నన్ను చూసి నవ్వే వాళ్లు తక్కువ.

అక్కడి పాత బజారు వీధిలో పగలు బట్టల వ్యాపారం, సాయంత్రం టిఫిన్లు. బాపట్ల, రేపల్లె నుంచి పెళ్లి బట్టలకు వచ్చిన వాళ్లు కోటమ్మ గారి బండి దగ్గర పెసరట్టు తినకుండా రైలెక్కేవారు కాదు. ఆమెకు వీధి వ్యాపారి గుర్తింపు కార్డు ఉంది. కార్డున్న వాళ్లను కదిలించాలంటే ముందు నోటీసివ్వాలి, వేరే చోటు చూపించాలి. అది చట్టం, మా దయ కాదు.

ఆ వీధిని చూడ్డానికి పెద్ద అధికారి ఒకరు వస్తున్నారని తెలియగానే మా కమిషనర్‌కు పూనకం వచ్చింది. చారిత్రక వీధి అట, అందంగా కనపడాలట. బండ్లన్నీ తీసేయమన్నారు. నోటీసు లేకుండా కుదరదని చెప్పాను. ఆయన తల ఊపి, నన్ను కోర్టు పని మీద గుంటూరు పంపి, ఆ పూటే ట్రాక్టర్ తోలించారు. తిరిగొచ్చేసరికి కోటమ్మ గారి చోట పూలకుండీలు ఉన్నాయి. నాకు ఒళ్లు మండిపోయింది.

అధికారి వచ్చారు. వీధంతా నడిచి, సరిగ్గా ఆ కుండీల దగ్గర ఆగారు. "ఇక్కడ పెసరట్లేసే ఆవిడ కనపడదేంటండి? చదువుకునే రోజుల్లో ఇక్కడే తినేవాణ్ణి" అన్నారు. ఆమె ఊరెళ్లిందని కమిషనర్ తడుముకోకుండా చెప్పారు.

"ఊరెళ్లలేదు సార్. ఆవిడ బండి మన చెత్త యార్డులో ఉందండి" అన్నాను.

సాయంత్రానికి బండి తిరిగొచ్చింది, అదే ట్రాక్టర్‌లో. యార్డులో విసిరేసినప్పుడు పోత ఇనుము పెనం రెండు ముక్కలైంది. ఏళ్ల తరబడి నూనె పట్టి, అట్టు అంటకుండా లేచే పెనం అది. కొత్తది కొనిస్తామని మావాళ్లు అన్నారు. కోటమ్మ గారు ఆ ముక్కలను గోనెసంచిలో పెట్టుకుంటూ నావైపు చూశారు.

"కొత్త పెనం దారికొచ్చేదాకా మాడిన అట్లు ఎవరు తింటారు బాబూ? అప్పటిదాకా నేనేం తినాలండి?"

పైవారి ముందు నోరు జారానని నాకు మెమో ఇచ్చి రేపల్లె బదిలీ చేశారు. వీధిని అందంగా తీర్చిదిద్దినందుకు కమిషనర్‌కు ప్రశంసాపత్రం వచ్చింది. తలుచుకుంటే ఇప్పటికీ కోపం వస్తుంది. తగ్గించుకోవాలని కూడా లేదు.

రేపల్లెలోనూ బండ్లు తీయించాను, అది నా ఉద్యోగం. నోటీసిచ్చి, చోటు చూపించి, పెనం దించి బండివాళ్ల చేతికిచ్చాకే ట్రాక్టర్‌ను వీధిలోకి రానిచ్చాను. చట్టంలో పెనం మాట లేదు. ఉండాలి.