నాకు అలాంటిదేమీ లేదన్నాను

కరోనా వచ్చిపోయి ఇన్నేళ్ళైనా ఒక మాట నా గొంతులోనే ఉండిపోయింది. మింగలేను, కక్కలేను. మీరు నన్నెరగరు. అందుకే మీకు చెప్పగలుగుతున్నాను.

నేను కళ్యాణదుర్గంలో ఒక ప్రభుత్వ ఆఫీసులో పనిచేసి రిటైరయ్యాను. ఏదైనా వేళకు చేసే మనిషిని. నాకూ కరోనా వచ్చింది. జ్వరం తగ్గింది, దగ్గు తగ్గింది. నేను మాత్రం లేవలేదు. ఒక రోజు ఇంట్లో కుళాయి కట్టేయడం మరిచిపోయారు. మా వీధికి నీళ్ళు ఎప్పుడో గాని రావు. తొట్టి నిండి నీళ్ళు వాకిట్లోకి పారుతున్న చప్పుడు వింటూ పడుకున్నాను. లేవాలని తెలుసు. లేవాలనిపించలేదు. బతికి ఉండడం కూడా ఎవరో నా నెత్తిన పెట్టిన పనిలా ఉండేది. డైరీలో మాత్రం ఒళ్ళు కుదుటపడిందని రాసుకున్నాను. నా డైరీ నేను తప్ప ఎవరు చదువుతారు? మరి ఎవరిని మోసం చేయాలని?

చివరికి ఎవరికీ చెప్పకుండా అనంతపురం బస్సెక్కి మనసు డాక్టరు దగ్గరికి పోయాను. ముఖానికి మాస్కు ఉండడం మేలైంది. ఆ వైరస్ తర్వాత చాలామందికి ఇలా అవుతోందని, ఇది సోమరితనం కాదు జబ్బేనని, ఇంట్లో ఇంకెవరికైనా ఇలా ఉంటే పిలుచుకురమ్మని ఆయన చెప్పాడు. ఆ మాత్రలు బీపీ మాత్రల కవర్లో వేసుకుని ఇంటికి తెచ్చాను. కొన్ని నెలలకు మనిషినయ్యాను.

తర్వాతి వానలకు ముందు, కుందుర్పి దగ్గర మా చెల్లెలి ఊరికి పోయాను. ఆమెకూ కరోనా వచ్చి తగ్గింది. వాకిట్లో ఆడవాళ్ళంతా విత్తనానికి వేరుశనగ కాయలు ఒలుస్తున్నారు. అందరి ముందూ గింజలు కుప్పపడుతున్నాయి. ఆమె చేతిలో ఒకే కాయ.

"చూడప్పా నీ చెల్లెలు. ఒక్క కాయ పట్టుకోని తపస్సు చేస్తాండాది," అంది వాళ్ళత్త. అందరూ నవ్వారు.

చెల్లెలు నవ్వలేదు. "అన్నా, నీకూ వచ్చిపోయినాది కదా. నీకూ ఇట్లే ఉండెనా? లేసేకి కాదు, తినేకి కాదు. యాడికన్నా పోయి కనపడకుండా అయిపోదామనిపిస్తాది."

నా లోపలి మాటే ఆమె నోట్లోంచి వస్తోంది. అవునమ్మా అంటే చాలు. కానీ చుట్టూ ఇంతమంది, తగాదా వస్తే తీర్పు చెప్పమని నా దగ్గరికి వచ్చే మనుషులు. వీళ్ళ ముందు మనసుకు మాత్రలు మింగుతున్నానని చెప్పడమా?

"నాకట్లాంటిదేం లేదుమ్మా. పనిలో పడితే అదే పోతాది," అన్నాను.

"వింటివా?" అంది వాళ్ళత్త. "అరవై దాటిన మీ యన్నకు లేని రోగం నీకెట్లొచ్చె?"

ఆ రోజు నుంచి ఆ ఇంట్లో నేనే కొలబద్ద. ఆమె పడుకుంటే నా పేరు, అన్నం వద్దంటే నా పేరు. దయ్యమేమోనని తాయెత్తు కట్టించారు. ఆస్పత్రి మాట ఎవరూ ఎత్తలేదు. ఎత్తాల్సినవాణ్ణి నేను. తర్వాతైనా పక్కకు పిలిచి చెప్పవచ్చు కదా? చెప్పబోయిన ప్రతిసారీ, ముందే ఎందుకు చెప్పలేదన్నా అని అడుగుతుందని ఆగాను. ఆగినకొద్దీ ఆ ప్రశ్న పెద్దదైంది. ఇప్పుడు దాన్ని దాటే దారి నాకు కనిపించడం లేదు. ఆమె తనంతట తానే లేచింది. పని చేస్తుంది. నవ్వు మాత్రం మళ్ళీ చూడలేదు.

పోయిన నెల మళ్ళీ ఆ ఊరికి పోయాను. చెల్లెలి కోడలు విషజ్వరం వచ్చి తగ్గి, గోడకు ఆనుకుని కూర్చుని ఉంది. ఆ చూపు నాకు తెలుసు. చెల్లెలు నన్ను చూపించి ఆ పిల్లతో, "మా యన్నను చూసి నేర్చుకో," అంది.

నేను కాఫీ తాగి బస్సెక్కాను.

వాళ్ళిద్దరికీ ఇంకా చెప్పలేదు. చెబుతానని మీకు మాటివ్వలేను. నా మాట ఏపాటిదో చదివారు కదా. అయితే డాక్టరుకు తప్ప ఎవరికీ చెప్పనిది ఈ పూట కాగితం మీద పెట్టాను. నాకూ అలాగే ఉండింది. ఈ మాట రాసి చాలాసేపు దాన్నే చూస్తూ కూర్చున్నాను. ఎన్నాళ్ళకో ఊపిరి లోపలిదాకా పోయింది. కొట్టేయలేదు.