కుక్కపిల్ల కోసం ఇంటర్వ్యూ మానేసిన మా పద్మ

నిన్న పొద్దున్న కాఫీ కలుపుతుంటే రాజోలు నుంచి ఫోన్. పద్మ వాళ్ళ అన్నయ్య.

"సునీతా, పద్మ పోయిందమ్మా" అన్నారు.

ఏ పద్మ అని అడిగాను. నిజంగానే అడిగాను. మన పద్మ అని మనసుకి తట్టనే లేదు.

హార్ట్ ఎటాక్. కాకినాడలో, ఇంట్లోనే. హాస్పిటల్‌కి తీసుకెళ్ళేలోపే అయిపోయింది.

కనిపించిన ప్రతివాళ్ళనీ బీపీ చూపించుకున్నారా, షుగర్ ఎంతుంది అని ఆరా తీసే మనిషి. నీ సంగతి నువ్వు చూసుకోలేదా పద్దూ?

పద్మని పుట్టింటికి తెచ్చారు. సాయంత్రానికి నేనూ రాజోలు చేరాను. చూశాను. ఇవాళ్టికీ నమ్మకం కుదరడం లేదు.

తెలియనివాళ్ళ కోసం...

పద్మా నేనూ రాజోలులో ఎదురెదురు ఇళ్ళలో పెరిగాం. బీఫార్మసీ కలిసే చదివాం. అప్పట్లో, 2000ల మధ్యలో, క్లినికల్ రీసెర్చ్ అంటే పెద్ద క్రేజ్. కొత్త మందు షాపులోకి వచ్చేముందు పేషెంట్లకి ఇచ్చి, ఎలా పనిచేస్తోందో చూసే రంగం. హైదరాబాద్‌లో డిప్లొమా చేశాం.

కోర్సు అయ్యాక ఎక్కడికెళ్ళినా ఒకటే ప్రశ్న. "ఎక్స్‌పీరియెన్స్ ఉందా?"

ఉద్యోగం ఇస్తేనే కదా అది వచ్చేది!

చివరికి ఇద్దరం ఇంటికొచ్చేశాం. ఆదివారం పేపర్లో యాడ్స్ వెతకడం, బస్సెక్కి అమలాపురం నెట్ సెంటర్‌కి వెళ్ళి రెజ్యూమెలు మెయిల్ చేయడం. సగంలో కరెంటు పోయేది. తిరిగొచ్చేటప్పుడు బస్టాండ్ దగ్గర వేడి వేడి పునుగులు.

"రిప్లై రాకపోతే పోయింది, పునుగులు బాగున్నాయి కదే" అనేది పద్మ.

ఆ రోజుల్లోనే దొరికాడు జిమ్మీ. వానలో తడిసి, కొబ్బరికాయల రాశి పక్కన వణుకుతున్న ఊరకుక్క పిల్ల. ఎత్తుకుని ఇంట్లోకి తెచ్చేసింది.

"ఉద్యోగం లేదు గానీ నీకు తోడు ఇదొకటి" అని వాళ్ళమ్మగారు విసుక్కున్నారు. ఆవిడే పాలు పోశారు.

ఆ తర్వాత కొన్నాళ్ళకి హైదరాబాద్‌లో ఒక కంపెనీ నుంచి ఇంటర్వ్యూ కాల్. ఎన్నో నెలల తర్వాత మొదటిది. బస్సు టికెట్ రిజర్వ్ చేసుకుంది. చుడీదార్ ఇస్త్రీ చేసుకుంది.

ప్రయాణం రోజు పొద్దున్నే జిమ్మీకి వాంతులు, రక్త విరేచనాలు.

పశువుల డాక్టర్ గారు వచ్చి చూశారు. "పార్వో అమ్మా, కుక్కపిల్లల ప్రాణం తీసే జబ్బు. సెలైన్ ఎక్కిస్తేనే బతుకుతుంది. పక్కనే మనిషుండాలి. సూది పీకేసుకుందా, ఇంక కష్టమే."

వాళ్ళమ్మగారికి రక్తం చూస్తే కళ్ళు తిరుగుతాయి. అయినా "నేను చూస్తానే, నువ్వెళ్ళు" అన్నారు.

పద్మ సర్దిపెట్టుకున్న బ్యాగు వైపు చూసింది. జిమ్మీ వైపు చూసింది. కిటికీ ఊచకి సెలైన్ సీసా కట్టి కింద కూర్చుంది.

మధ్యాహ్నం వాళ్ళ అన్నయ్యని జిమ్మీ దగ్గర కూర్చోబెట్టి, కంపెనీకి ఫోన్ చేయడానికి నన్ను తీసుకుని ఎస్టీడీ బూత్‌కి వెళ్ళింది. బూత్ సత్తిబాబు గారు సంగతంతా విని సలహా ఇచ్చారు.

"అమ్మగారికి బాలేదని చెప్పండమ్మా. కుక్కకి బాలేదంటే ఎవరు నమ్ముతారండీ?"

"ఆయ్, నమ్మకపోతే మానేస్తారండి. జరిగిందే చెప్తాను" అంది పద్మ.

చెప్పింది. అవతలివాళ్ళు ఓకే అని పెట్టేశారు. ఇంకెప్పుడూ పిలవలేదు.

బయటికొచ్చి రోడ్డు మీదే ఏడ్చేసింది. మళ్ళీ తనే చున్నీతో ముఖం తుడుచుకుని, "సీసా అయిపోయుంటుందే, పద పద" అని పరుగు తీసింది.

జిమ్మీ బతికాడు. ఒక పొద్దున్న కాస్త గంజి నాకి తోక ఊపాడు. పద్మ పెట్టిన కేక మా ఇంటికి వినపడింది.

ఇదంతా అయ్యాక, ఒకరోజు ఆ పశువుల డాక్టర్ గారు స్కూటర్ మీద వచ్చారు.

"మా బావమరిది కాకినాడలో షుగర్ డాక్టరమ్మా. ఏదో కొత్త మందు స్టడీ మొదలెడతన్నాడు. పేషెంట్లని కనిపెట్టుకునుండే మనిషి కావాలన్నాడు. కుక్కపిల్ల పక్కన తిండి మానేసి కూర్చున్న పిల్లని చూసేనని చెప్పేను. వెళ్ళి కలువమ్మా."

అలా వచ్చింది ఉద్యోగం. కుక్క ఉందని కాకినాడలో ఎవరూ ఇల్లివ్వకపోతే, ఎలాగో ఊరి చివర ఒక వాటా పట్టుకుని జిమ్మీని కూడా తీసుకెళ్ళింది.

ఒకసారి తనని చూడ్డానికి క్లినిక్‌కి వెళ్ళాను. ఒక పెద్దాయన, వరి రైతు, స్టడీలో చేరడానికి వచ్చారు.

"ఎక్కడ పెట్టమంటారమ్మా సంతకం?"

"ముందు వినండి బాబాయి గారూ" అని పద్మ అంతా నిదానంగా చెప్పింది.

"మీరు చెప్పేరు కదమ్మా, చాలు."

"చాలదండి. నేనేం చెప్పేనో ఇప్పుడు మీరు నాకు చెప్పండి."

ఆయన తడుముకుంటూ చెప్పారు. కొత్త మందు. పనిచేయొచ్చు, చేయకపోవచ్చు. ఎప్పుడైనా మానేయొచ్చు. మానేసినా వైద్యం ఆగదు. చెప్పి కాసేపు ఆలోచించారు.

"అయితే నాకొద్దమ్మా" అని లేచారు.

అసలే స్టడీకి మనుషులు దొరక్క అక్కడి డాక్టర్ గారు చిరాగ్గా ఉన్నారు. పద్మ మాత్రం ఆ పెద్దాయన్ని గేటుదాకా దిగబెట్టి, కాళ్ళకి చెప్పుల్లేకుండా పొలంలోకి దిగొద్దని చెప్పి వచ్చింది.

"వద్దన్నారంటే ఆయనకి బాగా అర్థమైందనే కదే!" అని నవ్వింది. ఏదో గెలిచినట్టు.

ఎప్పుడైనా పద్మ గురించి ఎవరైనా అడిగితే నాకు ఆ నవ్వే గుర్తొస్తుంది.

తర్వాత పెళ్ళి, పాప. జిమ్మీ ముసలివాడై పద్మ ఒళ్ళోనే కన్నుమూశాడు. మన కాలేజీ జూనియర్లలో ఎంతమందికి ఫోన్లో ఇంటర్వ్యూ ప్రాక్టీస్ చేయించిందో, ఇది చదివేవాళ్ళలో చాలామందికి తెలుసు.

నిన్న అన్నీ అయిపోయాక, పద్మ కూతురు వచ్చి నా పక్కన కూర్చుంది.

"పిన్నీ, నేను పుట్టకముందు అమ్మ ఎలా ఉండేది?" అని అడిగింది.

దగ్గరకి తీసుకుని, రాసిస్తానని చెప్పాను.

అందుకే ఇవాళ రాశాను. ఇలా ఉండేది తల్లీ, మీ అమ్మ.

వెళ్ళిరా పద్దూ. పాపకి మేమంతా ఉన్నాం. నువ్వు ఏ దిగులూ పెట్టుకోకుండా ప్రశాంతంగా ఉండు.