సాక లొట్టిలో సున్నం

ఇరవై ఏళ్ళు దాటింది. ఒక మాటను మింగలేక, కక్కలేక మోస్తున్నాను. ఇవాళ మీ ముందు పెడుతున్నాను. మీరెవరో నాకు తెలియదు. నేనెవరో మీకు తెలియకపోవడమే మంచిది. ఒక్కటి మాత్రం ముందే చెబుతాను. జాలి కోసం రాయడం లేదు. క్షమాపణ కోసం అసలే కాదు.

నేను సైన్సు సారును. కోరుట్ల చుట్టుపక్కల బడుల్లో పాఠాలు చెప్పాను. సెలవుల్లో సంచి భుజానేసుకుని ఊరూరా తిరిగి బాబాల మహిమల గుట్టు విప్పాను. నాలుక మీద కర్పూరం వెలిగించాను. మంత్రం చదివి నిమ్మకాయ కోసి రక్తం కార్చాను, ఆ తర్వాత కత్తికి ముందే ఏం పూశానో చూపించాను. జనం చప్పట్లు కొట్టేవారు. ఈ మధ్య కొడిమ్యాలలో ఒక పెద్దాయన లేచి, అన్ని మహిమలనూ సైన్సు విప్పగలదా అని అడిగాడు. విప్పుతుందన్నాను. మరి మీ ఊరి ఎల్లమ్మ గద్దె ఎర్రబడిందట కదా, దాని సంగతేమిటన్నాడు. నేను మంచినీళ్ళు తాగి, ఇంకెవరైనా అడగాలా అని అటు తిరిగాను.

దాని సంగతి ఇప్పుడు చెబుతాను.

మాది కథలాపూర్ దగ్గర ఒక ఊరు. ఈత చెట్లు గీసే ఇల్లు. నాన్న పోయాక అన్న చెట్లెక్కేవాడు, నేను జగిత్యాలలో డిగ్రీ చదివేవాణ్ణి. అక్కను సిరిసిల్లకు ఇచ్చాం. బావ అక్కడ సాంచాలు, అంటే మరమగ్గాలు నడిపేవాడు. ఆ ఏడు వానలు లేవు, చెట్లకు కల్లు పారలేదు. సిరిసిల్లలో సాంచాలు ఆగిపోయాయి. మగవాళ్ళు ఒకరి వెనక ఒకరు దుబాయి దారి పట్టారు. అన్నకూ ఒక వీసా కుదిరింది.

మా ఇళ్ళల్లో దూరదేశం పోయేవాడి గురించి ముందు ఎల్లమ్మను అడుగుతారు. గద్దె మీది రాయికి పసుపు పూసి, ఆ పొద్దు దించిన కల్లును అమ్మవారికి సాకగా ధారపోస్తారు. పసుపు మీద కల్లు తెల్లగా జారితే అమ్మవారు సరే అన్నట్టు. ఎన్నడూ తెల్లగానే జారేది. ఎవరి కోసం అడుగుతున్నామో అతను కల్లు పట్టే లొట్టిని ముట్టకూడదు. అందుకని ఆ లొట్టిని చెట్టుకు కట్టిందీ, దించిందీ నేనే.

లొట్టి లోపల సున్నం పూశాను. చిక్కగా.

జబ్బు మనుషులకు, పిల్లలకు కల్లు పులవకుండా తియ్యగా ఉండాలంటే లొట్టికి సున్నం పూయడం మాకు మామూలే. పసుపుకు సున్నం తగిలితే ఎరుపని తెలియనివాళ్ళూ లేరు. దిష్టి తీసే ఎర్రనీళ్ళు అవే కదా! కాబట్టి మావాళ్ళు సైన్సు తెలియక మోసపోయారని మాత్రం అనకండి, నేను ఊరుకోను. వాళ్ళకు తెలుసు. కానీ సాక పోసే లొట్టికి సున్నం తగలనివ్వరు, దాన్ని వేరే దాచిపెడతారు. అమ్మవారి లొట్టిలో సున్నం పెట్టేవాడు తమ ఇంట్లోనే పుట్టాడని వాళ్ళు ఎట్లా అనుకుంటారు?

రాయి ఎర్రబడింది. మా అమ్మ గద్దె ముందు కూలబడి ఏడ్చింది. అన్న మళ్ళీ దుబాయి మాట ఎత్తలేదు.

ఎందుకు చేశాను? అన్న మీద ప్రేమ అని చాలా ఏళ్ళు నాకు నేనే చెప్పుకున్నాను. అది అబద్ధం కాదు, అట్లా అని మొత్తం నిజమూ కాదు. అన్న పోతే నడుముకు మోకు కట్టుకుని రోజూ చెట్లెక్కాల్సింది ఎవరు? నేను. నా చదువు అక్కడితో ఆగిపోయేది. అన్నను ఆపానా, నన్ను కాపాడుకున్నానా? రెండూ చేశాను. అన్న ఇవాళ మనవలను ఎత్తుకుని తిరుగుతున్నాడు. ఆ సున్నానికి నేను సిగ్గుపడను.

కానీ ఆ వీసా ఖాళీగా పోలేదు. బావకు పోయింది. మా అమ్మ వద్దని మొత్తుకుంది. ఎల్లమ్మ వద్దన్నది అన్ననే కానీ తన మొగుణ్ణి కాదని అక్క వాదించింది. పొయ్యి మీద ఎసరు లేని మనిషి ఇంకేమని వాదిస్తుంది? ఎనిమిది నెలలకు బావ పెట్టెలో వచ్చాడు. ఎండలో పనిచేస్తూ కూలిపోయాడట. కాగితంలో గుండె ఆగిందని రాశారు.

అమ్మవారు ముందే చెప్పింది కదా అంది ఊరు. దేవత మాట కాదని మొగుణ్ణి సాగనంపిందని అక్క అత్తగారు శోకాలు పెట్టింది. మా గద్దెకు పేరొచ్చింది. ధర్మపురి నుంచి కూడా వచ్చి అడిగి పోయేవారు.

పదకొండో దినం అయ్యాక అక్క నన్ను పెరట్లోకి పిలిచింది.

"తమ్మీ, నువ్వు సదువుకున్నోనివి. నిజం చెప్పు. గా దినం లొట్టిల సున్నం ఉండెనా?"

ఊళ్ళో ఎవరూ అడగనిది ఆమె అడిగింది. ఆమెకు అనుమానం వచ్చింది. ఒక్క "ఉండె" అనే మాట చాలు. ఎదురుగా నా అక్క, నా చిన్నప్పుడు నన్ను చంకనేసుకుని తిప్పిన అక్క.

"అమ్మోరి లొట్టిల సున్నం ఎవలు పెడుతరక్కా?" అన్నాను.

"గట్లనే అనుకున్న. గట్లయితే ఎల్లమ్మ వద్దన్నది నిజమే. నేనే పంపిన. నేనే సంపుకున్న."

నా పాపం ఇదీ. సున్నం కాదు, ఈ జవాబు.

ఇది విని కొందరు, దేవతే నీ చేత సున్నం పెట్టించింది, చూశావా ఆమె మాట ఎట్లా నిజమైందో అంటారు. నేను ఒప్పుకోను. నా దొంగపనికి దేవతను పూచీ పెట్టకండి. ఇక నాతో కలిసి ఊళ్ళు తిరిగే మిత్రులు, చూశారా మూఢనమ్మకం ఎంత పని చేసిందో అంటారు. వాళ్ళ మాటా ఒప్పుకోను. నమ్మినవాళ్ళు ఎవరికీ అన్యాయం చేయలేదు. సైన్సు తెలిసినవాడే చేశాడు. రాయి ఎందుకు ఎర్రబడిందో ఆరో తరగతి పిల్లవాడు చెబుతాడు. అక్క అడిగినప్పుడు నేనెందుకు బొంకానో ఏ పుస్తకం చెబుతుంది? దెబ్బలకు భయపడ్డానా? ఊరు ఉమ్మేస్తుందనా? లేక, అక్క కళ్ళల్లో చెడ్డవాణ్ణి కాకుండా ఉండాలని, ఆమెనే చెడ్డదాన్ని చేశానా?

అక్క బీడీలు చుట్టి పిల్లలను సాకింది. ఏటేటా చెప్పుల్లేకుండా గద్దె దాకా నడిచి, ముక్కు నేలకు రాసి, తప్పు కాయమని ఎల్లమ్మను వేడుకునేది. నేను పక్కన నిలబడి చూశాను. ఒక ఏడు కాదు, ఇన్నేళ్ళూ.

ఆ పెద్దాయన అడిగిన రోజు కొడిమ్యాల నుంచి ఇంటికి పోలేదు. సిరిసిల్ల బస్సెక్కాను. అక్క బీడీల చాట ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. ముందూ వెనకా లేకుండా చెప్పేశాను. నేనే పెట్టానక్కా, సున్నం, అని. నువ్వు అడిగిన రోజు బొంకానని కూడా చెప్పాను. ఆమె చేతిలోని ఆకు సగం చుట్టి ఉంది. దాన్ని చాటలో పడేసింది.

"ఇన్నేండ్లు తప్పయిందని ఎల్లమ్మకు మొక్కిన. గా మొక్కులన్ని ఎవలకు పోయినయిరా?"

వెళ్ళిపొమ్మంది. వచ్చేశాను. బస్టాండులో నిలబడితే ప్రాణం తేలికైంది. ఆ తేలికను నేను దాచుకోను.

ఈ ఏడు అక్క గద్దెకు రాలేదు. నా ఫోను ఎత్తడం లేదు. ఇంటికి వచ్చినవాళ్ళందరి ముందూ నన్ను పేరు పెట్టి తిడుతోందట. అన్న వచ్చి, సర్ది చెప్పనా అన్నాడు. వద్దన్నాను. ఇరవై ఏళ్ళు తనను తాను తిట్టుకుంది. ఆ తిట్లు నావి. తిట్టనీ.