సిరిల్ మెట్‌కాఫ్ ముందు వరస బల్ల

మా ఆస్కర్‌బీ చర్చి చరిత్రలో సిరిల్ మెట్‌కాఫ్‌కి తెలియనిది లేదు. తెలియకపోతే అక్కడికక్కడే పుట్టించేవాడు. రాతి దేవదూతకు ముక్కెందుకు లేదని ఎవరైనా అడిగితే, ఎప్పుడో అంతర్యుద్ధం రోజుల్లో క్రామ్‌వెల్ సైనికులు కొట్టేశారనేవాడు. ఆ ముక్కు విరిగింది క్రిస్మస్‌కి ఆకుతోరణాలు కడుతుంటే నిచ్చెన జారి. నిచ్చెన మీదున్నది ఈయనే. పెళ్లయి ఈ ఊరొచ్చినప్పట్నుంచీ అక్కడి ఇత్తడి సామాను తోముతున్నదాన్ని, నాకు తెలియదా?

ముందు వరస బల్ల ఆయనది. వాళ్ల తాత జాబెజ్ వడ్రంగి. దాన్ని స్వయంగా చేసి, అంచున చెవులు రిక్కించిన కుందేలును చెక్కాడు. పొరపాటున ఎవరైనా అందులో కూర్చుంటే సిరిల్ పక్కన నిలబడి, వాళ్లు లేచేదాకా దగ్గేవాడు. ఆయన ప్రార్థనలో కూడా అంత భక్తి ఉండేది కాదు.

ఇంతలో కొత్త పాదిరమ్మ వచ్చింది. బల్లలన్నీ తీసేసి మడత కుర్చీలు వేద్దాం, ఆరాధన అయ్యాక టీ, కేకులు పెడదాం అంది. చచ్చేదాకా ఆ బల్ల మీదే కూర్చోవాలి, సిరిల్‌కున్న కోరికల్లా అదే. సమావేశంలో దిగ్గున లేచాడు.

"తీసేస్తారా? అది ఐదొందల ఏళ్లనాటి బల్లండీ! పాత మఠంలోంచి వచ్చింది!"

పక్కనున్న నేను మోచేత్తో పొడిచి గుసగుసలాడాను. "సిగ్గులేదూ? మీ తాత చేసిందేగా!"

"నోర్ముయ్ ఎడ్నా. ఊరి వడ్రంగి చేశాడంటే పొయ్యిలో పెడతారు," అని నాకు మాత్రమే వినపడేలా గొణిగాడు.

కన్నతండ్రి కంటే ఎక్కువగా పెంచిన తాతను ఒక్క మాటతో తీసి పారేశాడు. నాకు ఒళ్లు మండింది.

పాదిరమ్మ మాత్రం మురిసిపోయింది. మిగతా బల్లలన్నీ పోయాయి, ఇదొక్కటే మిగిలింది. ఆ ఆదివారం సిరిల్ కోటు సర్దుకుంటూ దర్జాగా వచ్చేసరికి, దాని చుట్టూ ఎర్రతాడు కట్టి ఉంది. పక్కన పలక మీద 'చేసినవారెవరో తెలియదు. దయచేసి కూర్చోకండి' అని రాసి ఉంది.

"అయ్యో, ఇది మా తాత చేసిందండీ! ఒట్టు!" అని లబోదిబోమన్నాడు.

పాదిరమ్మ భుజం తట్టింది. "కూర్చోవాలని మీకెంత ఉందో తెలుసు సిరిల్ గారూ. అందుకని చర్చిలో అబద్ధమాడతారా?"

ఆరాధన అయ్యి టీ పోస్తుంటే, పాదిరమ్మ ఎదుటే సిరిల్ నావైపు తిరిగాడు. "ఎడ్నా, నువ్వైనా చెప్పు!"

"నన్ను నోర్ముయ్యమన్నావుగా," అని టీ కప్పు అందుకున్నాను.

ఇప్పటికీ ప్రతి ఆదివారం ఆ తాడు ముందు నిలబడి దగ్గుతాడు. లేవడానికి అక్కడ ఎవరూ లేరు.