చక్రం కింద చాప

హెలికాప్టర్ దిగేసరికి ఉదయం 11:20. ఎండ నలభై రెండు డిగ్రీలు. వీపున ఇరవై ఆరు కిలోల సంచి, ఒంటికి బుల్లెట్ ప్రూఫ్ జాకెట్, తలకు శాంతి దళం వాళ్ల నీలి హెల్మెట్. దక్షిణ సూడాన్‌లో నైలు నది ఒడ్డున మా పోస్టింగ్. అక్కడ దేశం లోపలే యుద్ధం. ఊళ్లు వదిలి పారిపోయి వచ్చిన జనానికి తిండి, నీళ్లు, మందులు చేరేలా చూడటం మా పని.

అందరూ చుట్టూ చూస్తున్నారు. నేను కిందికి చూశాను. నేల నల్లగా, నెర్రెలు విచ్చి ఉంది. ఒక నెర్రెలోకి నా చెయ్యి మోచేతి దాకా పోయింది. ఒక పెళ్ల తీసి నలిపి వాసన చూశాను.

"ఏందన్నా, దిగంగనే మన్ను తింటున్నవ్?" అన్నాడు మా లారీ డ్రైవర్.

"గిది మా మొగుళ్లపల్లి మన్నే తమ్మీ. అసలైన నల్లరేగడి."

"అంటే గింత దూరం వచ్చి మీ పత్తి చేన్ల దిగినమన్నట్టు!"

మా కంపెనీలో తెలుగు మాట్లాడేది ముగ్గురమే. నేను హవల్దార్‌ని, భూపాలపల్లి జిల్లా. డ్రైవర్‌ది జనగామ దిక్కు కొడకండ్ల. వాళ్లది ఎర్ర చెల్క నేల. మూడోవాడు నర్సింగ్ అసిస్టెంట్, మహబూబాబాద్ దగ్గర ఒక తండా. ఇంట్లో వాళ్ల భాష వేరు. కోపమొస్తే ఆ భాషలో తిట్టేవాడు, తర్వాత మాకు తెలుగులో అర్థం చెప్పేవాడు.

నాకు సమన్వయం డ్యూటీ ఇచ్చారు. తిండి ఒక సంస్థది, నీళ్ల సామాను ఇంకొకరిది, మందులు మూడో వాళ్లవి. ముగ్గురివీ మూడు టైములు. వాటన్నిటినీ ఒకే ఉదయం, ఒకే రోడ్డు మీదికి తేవాలి. దానికి నా దగ్గర ఉన్నవి ఒక రేడియో సెట్, గోడకు ఒక పటం, ఎర్ర పెన్సిల్, నీలం పెన్సిల్. పదహారేళ్ల సర్వీసులో అంత హుషారుగా ఎప్పుడూ పని చేయలేదు. పొద్దున నాలుగున్నరకు అలారం కంటే ముందే లేచేవాడిని.

మా క్యాంపుకు తూర్పున ముప్పై ఒక్క కిలోమీటర్ల దూరంలో ఒక పాత బడి ఉండేది. రేకుల కప్పు, నాలుగు గదులు. అందులోనూ చుట్టుపక్కలా రెండు వందల పైచిలుకు కుటుంబాలు తలదాచుకున్నాయి. మొదటిసారి జొన్న బస్తాలతో అక్కడికి పోయినప్పుడు నేల ఎండి ఉంది. గంటన్నరలో చేరాం. జనాన్ని లైన్లో నిలబెట్టాం. పది నిమిషాల్లో లైను చెదిరిపోయింది. వెనకవాళ్లు తోస్తున్నారు, ముందువాళ్లు పడుతున్నారు.

డ్రైవర్ నా భుజం తట్టాడు. "అన్నా, నిలబడ్డోడు తోస్తడు. కూసున్నోడు ఎవల్ని తోస్తడు? మన కాడ పెండ్లిల బంతి కూసోబెడ్తరు గదా, గట్ల కూసోబెడుదం."

బడి సారు ఒకాయన అక్కడే ఉండేవాడు. ఆయనకు ఇంగ్లిష్ వచ్చు. మా మాట జనానికి, జనం మాట మాకు ఆయనే చెప్పేవాడు. విషయం చెప్పాను. ఇరవై నిమిషాల్లో అందరూ వరుసలుగా కూర్చున్నారు. ఇద్దరు సిపాయిలు, డ్రైవర్ కలిసి వరుస పొడుగునా బస్తాలు దింపుకుంటూ పోయారు. ఒక్కరు కూడా లేవలేదు.

ఆడవాళ్లు తమ చాపలు పరుచుకుని కూర్చున్నారు. నది రెల్లుతో అల్లిన చాపలు. తొమ్మిది రోజులు నడిచి వచ్చారని సారు చెప్పాడు. చంకలో పిల్ల, చేతిలో కుండ, నెత్తిమీద చాప. అంతకు మించి మోయలేకపోయారు. మొదటి వరుసలో ఒక ముసలామె. ఆరడుగుల మనిషి. నోట్లో పొడుగాటి పొగగొట్టం. ఒళ్లో ఐదేళ్ల మనవరాలు. బస్తా దింపుతున్న డ్రైవర్‌ను ఎగాదిగా చూసి ఏదో అంది. చుట్టూ ఉన్నవాళ్లు పగలబడి నవ్వారు.

"ఏమన్నది సార్?" డ్రైవర్ బడి సారును అడిగాడు.

"నీ నడుం చూస్తే నీకు కూడా ఒక బస్తా ఇవ్వాలట."

డ్రైవర్ దండం పెట్టాడు. "ఇయ్యి పెద్దవ్వా, కాదన్న." ఆ రోజు నుంచి మాకు ఆమె పేరు పెద్దవ్వే.

మూడు వారాల తర్వాత ఒక సాయంత్రం 5:15కు సారు దగ్గరి నుంచి, మేం ఆయనకు ఇచ్చి వచ్చిన రేడియో సెట్‌లో కబురు. బడిలో పిల్లలకు వాంతులు, విరేచనాలు. పదకొండు మందికి పట్టుకుంది. నలుగురు కళ్లు తేలేశారు. తాగేది మడుగు నీళ్లు. మందు పొట్లాలు అయిపోయాయి.

హెలికాప్టర్‌కు అనుమతి రావాలంటే రెండు రోజులు. మేజర్ సాబ్ రోడ్డు మీదనే పంపుదామన్నారు. రెండు లారీలు, ముందూ వెనకా ఎస్కార్ట్ బండ్లు. ముందు లారీలో సెలైన్ పెట్టెలు, నీళ్లు శుద్ధి చేసే యంత్రం. ఆ యంత్రం మూడు వందల కిలోలు. అది చేరితేనే రోగం ఆగుతుంది. బయలుదేరే టైం ఉదయం 9:00 అని ఆర్డర్.

తెల్లారి నాలుగున్నరకు బయటికి వచ్చాను. గాలి తిరిగింది. నాలుగైదు రోజులుగా పొడిగా వీచింది చెమ్మగా తగులుతోంది. మా డేరా తాడు మీద చీమలు గుడ్లు మోసుకుని పైకి పోతున్నాయి. నేను మేజర్ సాబ్ డేరా దగ్గరికి పరుగెత్తాను. ఆయన గడ్డం గీసుకుంటున్నారు.

"సాబ్, తొమ్మిదికి కాదు, ఇప్పుడే పంపండి. ఈ నేల మీద పావుగంట వాన పడితే మూడు రోజులు చక్రం తిరగదు."

"నువ్వు వాతావరణ శాఖలో ఎప్పుడు చేరావు?"

"పత్తి రైతు కొడుకుని సాబ్."

ఆయన అద్దంలో నుంచే నన్ను చూశారు. "ఎంత టైం కావాలి?"

"గంటంబావు చాలు సాబ్."

5:50కి కదిలాం. ఈ మూడు వారాల్లో కురిసిన వానలకు గుంతలు పడిన మట్టి కట్ట అది. గంటకు పది, పదకొండు కిలోమీటర్లు దాటడం లేదు. 8:10కి, ఇరవై నాలుగో కిలోమీటరు దగ్గర చినుకు మొదలైంది. పన్నెండు నిమిషాలు కురిసి ఆగింది. అంత వాన మా ఊళ్లో అయితే ఎవరూ లెక్కలోకి కూడా తీసుకోరు. కానీ టైర్లకు మట్టి చుట్టుకోవడం మొదలైంది. నేను ముందు లారీలో డ్రైవర్ పక్కన కూర్చున్నాను.

ఇరవై ఏడో కిలోమీటరు. ముందున్న ఎస్కార్ట్ బండి తేలిక కాబట్టి జారుకుంటూ దాటింది. మా ముందు దారి మధ్యలో నీళ్లు నిలిచాయి. పక్కన పచ్చటి గడ్డి. డ్రైవర్ స్టీరింగ్ గడ్డి మీదికి తిప్పాడు. చెల్కలో పుట్టినవాడు ఎవడైనా అదే చేస్తాడు. ఎర్ర నేలలో గడ్డి ఉందంటే కింద గట్టిగా ఉన్నట్టు. రేగడిలో గడ్డి ఉందంటే కింద నీళ్లు తాగిన మెత్తటి బురద.

"వద్దు తమ్మీ, వద్దు!" అనేలోపే ఎడమ చక్రాలు ఇరుసు దాకా దిగిపోయాయి. లారీ ఒక పక్కకు ఒరిగింది. వెనక లారీకి దారి లేదు. బడి ఇంకా నాలుగు కిలోమీటర్లు.

నర్సింగ్ అసిస్టెంట్ వెనక బండిలో నుంచి దూకి వచ్చాడు. చక్రం చూశాడు. నా ముఖం చూడలేదు, నేరుగా సెలైన్ పెట్టెల దగ్గరికి పోయాడు.

"అన్నా, ఐదు పెట్టెలియ్యి. నలుగురిని నా ఎంబడి తోలు. నేను నడిచి పోత."

పది అడుగులు వేసేసరికి అతని ఒక్కో బూటుకు ఐదు కిలోల మట్టి. కూర్చుని బూట్లు విప్పాడు. లేసులు కట్టి మెడలో వేసుకున్నాడు. పెట్టె నెత్తిమీద పెట్టుకున్నాడు.

"బూట్లు ఇప్పొద్దని ఆర్డర్ ఉన్నది," అన్నాను.

"మెడకు తొడుక్కున్న గదన్నా! మా తండల వానకాలం గిట్లనే బడికి పోతుంటిమి."

వట్టి కాళ్లతో పోయాడు. నలుగురు సిపాయిలు అతన్ని చూసి బూట్లు విప్పారు. మేం తవ్వడం మొదలుపెట్టాం. తవ్విన ప్రతి పార మట్టి పారకే అంటుకుని ఉంటోంది. చక్రం కింద వేద్దామంటే కనుచూపు మేరలో ఒక్క రాయి లేదు, చెట్టు లేదు. లారీలోని రెండు చెక్క పలకలు వేశాం. బురద వాటిని మింగేసింది.

9:55కి రేడియో పలికింది. "అన్నా, చేరినం. నలుగురికి ఎక్కించిన. పెద్దవ్వ మనవరాలు గూడ ఉన్నది అండ్ల. ఒక పిల్లగాడు చెయ్యికి అందెతట్టు లేడు. వినవడ్తుందా? యంత్రం గావాలె. ఇంకా ముగ్గురికి పట్టుకున్నది. గదే మడుగు నీళ్లు తాగుతున్రు."

"వస్తున్నం. ఎట్లన్న వస్తున్నం."

పదిన్నర. పదకొండు. తూర్పున మబ్బు మళ్లీ కట్టుకొస్తోంది. డ్రైవర్ మోకాళ్ల మీద కూర్చుని చేతులతో బురద తీస్తున్నాడు.

11:05కి ముందు బండిలోని సిపాయి కేక వేశాడు. "మనుషులు వస్తున్నారు!"

కట్ట మీద ఒక వరుస. ఆడవాళ్లు. ముప్పై మంది దాకా ఉంటారు. నెత్తిమీద ఏవో చుట్టలు. దారిలో నిలిచిన లారీ చుట్టూ జనాన్ని రానివ్వొద్దని మాకు ఆర్డర్. తొక్కిసలాటలు అలాంటి చోటే జరుగుతాయి. రేడియోలో మేజర్ సాబ్‌కు చెప్పాను. "దూరం ఉంచు. కూర్చోబెట్టు," అన్నారు. నేను ఎదురుగా పోయి రెండు చేతులూ కిందికి ఊపాను, కూర్చోమని. బంతి గుర్తుండే ఉంటుంది కదా.

పెద్దవ్వ ముందు నడుస్తోంది. నా చేతులు చూసింది. ఆగలేదు. నన్ను దాటుకుని లారీ దగ్గరికి పోయింది. నెత్తిమీది చుట్ట దించి, ఎడమ ముందు చక్రం కింద పరిచింది. తన చాప.

"అన్నా, గీమె ఏం జేస్తున్నది?" డ్రైవర్ బురద చేతులతోనే లేచి నిలబడ్డాడు.

వెంట వచ్చిన బడి సారు రొప్పుతున్నాడు. "గడ్డి మీదికి ఎందుకెక్కావని అడుగుతోంది నిన్ను. మా ఊళ్లో మేకలు కూడా ఎక్కవు అంటోంది."

"మాది చెల్క అని చెప్పున్రి సార్. మా కాడ గిట్లుండదని చెప్పున్రి."

సారు చెల్కను ఎలా చెప్పాడో ఏమో, ఆడవాళ్లు నవ్వారు. నవ్వుతూనే చాపలు పరుస్తున్నారు. ఒకదాని మీద ఒకటి, రెండేసి. నేను అడ్డం పోయాను. "సార్, ఇవి వాళ్ల పడకలు. వద్దని చెప్పండి. రాత్రికి వాన ఉంది."

పెద్దవ్వ నా మాట మొత్తం విన్నది. పొగగొట్టం నోట్లో నుంచి తీసి ఒక్క ముక్క చెప్పింది. సారు తెలిపాడు: "పిల్ల లేస్తే చాప అల్లుకుంటాం అంటోంది."

ఇరవై ఎనిమిది చాపలు. డ్రైవర్ లారీ ఎక్కాడు. మేమూ ఆడవాళ్లూ కలిసి వెనక భుజాలు ఆనించాం. రెల్లు విరుగుతున్న చప్పుడు. చక్రం తిరిగింది, జారింది, మళ్లీ తిరిగింది. 11:48కి లారీ ఒక్క గుంజు గుంజి కట్ట ఎక్కింది. అప్పుడు పుట్టిన కేక నా జీవితంలో ఇంకెక్కడా వినలేదు. ఏ భాషో తెలియదు. అందులో నా గొంతు కూడా ఉంది.

తర్వాత పందెం. ముందు మెత్తటి దారి రెండు వందల మీటర్లు. చక్రం దాటిన చాపను బురదలో నుంచి పీకడం, ముందుకు పరుగెత్తడం, పరవడం. అరవై ఏళ్ల పెద్దవ్వ నాకంటే ముందుంది. సిపాయిలు, ఆడవాళ్లు, బడి సారు, అందరం తలనుంచి కాలిదాకా నల్లగా. ఎవరు ఎవరో తెలియడం లేదు. వెనక లారీ కూడా అదే చాపల మీద వచ్చింది. 12:40కి బడి చేరాం. 1:15కి వాన కుండపోతగా పడింది. 2:05కి యంత్రం గొట్టంలో నుంచి మొదటి బిందె నీళ్లు వచ్చాయి. బిందె అడుగు కనిపించింది.

నలుగురిలో ముగ్గురు లేచారు. నాలుగోవాడు రెండేళ్ల పిల్లగాడు, మేం లారీ కింద చాపలు పరుస్తుండగానే, పదకొండున్నరకు పోయాడు. డ్రైవర్ గోడ పక్కన తలవంచుకుని కూర్చున్నాడు. నర్సింగ్ అసిస్టెంట్ వచ్చి పక్కన కూర్చున్నాడు.

"నీ లారీ టైంకు వచ్చినా గా పిల్లగాడు దక్కకపోవు తమ్మీ. నేను పోయేసరికే చెయ్యి దాటిపోయింది. నా మాట నమ్ము."

డ్రైవర్ లేచి, తన పరుపు చుట్ట తెచ్చి ఆ తల్లి పక్కన పెట్టి వచ్చాడు. మేం అందరం మా పరుపులూ టార్పాలిన్లూ ఇచ్చాం. రోడ్డు ఐదు రోజులు మూసుకుపోయింది. మేమూ అక్కడే చిక్కుకున్నాం. జొన్నరవ్వ ఉడికించిన గట్క తిన్నాం. మా అవ్వ వండినట్టే ఉంది, ఉప్పు ఒక్కటే తక్కువ.

వాన వెలిసిన పూట ఆడవాళ్లు చాపలు ఉతికారు. సగం చిరిగిపోయాయి. మట్టి పోయింది. టైరు అచ్చు పోలేదు. పెద్దవ్వ తన చాపను బడి వరండాలో పరిచింది. మూడో రోజు మనవరాలు లేచి, గట్క తిని, ఆ చాప మీద పక్కకు తిరిగి పడుకుంది. ఆమె చెంప కింద, ఒంటి కింద, ఆ లారీ చక్రం అచ్చు జడపాయల్లా పొడుగునా ఉంది.

పదకొండు నెలలకు తిరిగి వచ్చాను. ఢిల్లీ, కాజీపేట, ఆటో, ఇల్లు. రెండేళ్లకు రిటైరయ్యాను. డ్రైవర్ ఇప్పుడు కొడకండ్లలో సొంత ట్రాక్టర్ నడుపుకుంటున్నాడు. నర్సింగ్ అసిస్టెంట్ మహబూబాబాద్‌లో ఒక దవాఖానలో పని చేస్తున్నాడు. ఫోన్లు నడుస్తుంటాయి. తొలకరి పడ్డ రోజు డ్రైవర్ తప్పకుండా చేస్తాడు. "అన్నా, గడ్డి మీదికి ఎక్కలే," అంటాడు.

మొన్న తొలకరికి మా తమ్ముడి ట్రాక్టర్ విత్తనాల సంచులతో మా చేను మలుపులో దిగబడింది. జనం పోగయ్యారు. తలా ఒక సలహా. నాకు తెలియకుండానే నోట్లో నుంచి వచ్చేసింది. "ఇంట్లకెళ్లి చాపలు పట్టుకరా."

నా భార్య నవ్వింది. "ఏందయ్యా, మతి పోయిందా? పత్తికట్టె ఏసుకోక? పండుకునే చాప ఎవలన్న బురదల ఏస్తరా?"

"ఏసిన్రు," అన్నాను.